మిర్చి గోదాములో మంచుకొండ

"కుర్చీ పని కావాలని అర్జీ పెట్టుకున్నవు గదా. ఇది కూసోని చేసే పనే," అన్నాడు డిప్యూటీ డైరెక్టర్ తిరుమల.

జగదీష్ నవ్వలేదు. తిరుమల జోకు వేశాడంటే వెనకాల ఫైలు లావుగా ఉంటుందని సర్వీసంతా చూసినవాడు. ఏజెంట్ జగదీష్‌కు యాభై దాటింది. సగం సర్వీసు మంచు కొండల సరిహద్దులో గడిచింది, మిగతా సగం చెప్పుకోకూడని చోట్ల. ఇప్పుడు మోకాళ్ళు మెట్లను చూస్తేనే మూలుగుతున్నాయి. హైదరాబాదులో బోర్డు లేని ఆ ఆఫీసుకు లిఫ్టు కూడా లేదు. అది 2005 డిసెంబరు.

తిరుమల ప్రొజెక్టర్ ఆన్ చేశాడు. గోడ మీద పొడుగాటి రేకుల కప్పు, దాని వెనక టేకు చెట్లు కనిపించాయి.

"ఖమ్మం జిల్లా. భద్రాచలం రోడ్డు, అడవి మొదలయ్యే కాడ. మిర్చి కోల్డ్ స్టోరేజి. ముందర పెద్ద చాంబర్ల మిర్చి బస్తాలు. ఆ చాంబర్ దాటినంక చిన్న ఫ్రీజర్ రూము. ఒకప్పుడు చేపల కోసం కట్టింది. మైనస్ ఇరవై. ఆ చేపల పెట్టెల నడుమ ఒక ఫ్లాస్కు పెట్టిన్రు. దాంట్ల ఆరు సీసాలు."

"సీసాలల్ల ఏముంది సార్?"

"మిర్చి పంటకు చావు."

ల్యాబులో పెంచిన తెగులు అది. విదేశీ ట్రేడింగ్ ముఠా ఒకటి తయారు చేయించింది. మన మిర్చి ఒక్క సీజన్ మార్కెట్లో లేకపోతే ప్రపంచమంతా తమ దగ్గరే కొనాలి. ఆ క్రిమి గడ్డకట్టి ఉన్నంతసేపే నిద్రపోతూ బతుకుతుంది. కరిగిన అరగంటలోగా దానికోసమే తయారు చేసిన తిండి అందాలి. అందకపోతే చస్తుంది. ఆ తిండి గోదావరి అవతల ఏదో నర్సరీలో తొట్టెల నిండా సిద్ధంగా ఉంది. అది ఏ నర్సరీయో ఎవరికీ తెలియదు.

"సీసాలు పగలగొట్టి వస్త," అన్నాడు జగదీష్.

"పగిలినయని తెలిస్తే మళ్ళ తెస్తరు. ఏ దారిల తెస్తరో మనకు తెల్వది. వాళ్ళ మనిషి డెకర్ అనే విదేశీయుడు వస్తడు. ఫ్లాస్కు తీస్కోని నర్సరీకి పోవాలె. మనోళ్ళు వెనకాల పోవాలె. మొత్తం రింగు అక్కడ దొరకాలె. గందుకే నువ్వు పోయి, అసలు ఫ్లాస్కు తీసి ఈ డమ్మీ పెట్టి రా." తిరుమల బల్ల మీద వెండిరంగు ఫ్లాస్కు ఒకటి పెట్టాడు. "ఫ్యాన్ రిపేరుకొచ్చిన మెకానిక్ వేషం. ఒక గంట పని."

"లోపల మనకు మనిషి ఉన్నడా?"

"ఒక సోర్స్ ఉంది. ఊళ్ళె వానలెట్లున్నయని అడుగుతది. మబ్బే గాని వాన లేదని చెప్పు. నమ్మకం మాత్రం పెట్టుకోకు. ఆ సోర్స్ అటు కూడా జీతం తీసుకుంటదని నా అనుమానం."

జగదీష్ లేవబోయాడు.

"మీ చెల్లె మిర్చి ఏసింది గదా?" అన్నాడు తిరుమల, ప్రొజెక్టర్ ఆపేస్తూ.

"ఏసింది. ఇల్లందు పక్కన తండాల. కౌలుకు."

"చెట్టు మీద కాయ ఉందా?"

"పూత మీదుందట. సంక్రాంతి దాటితే మొదటి కోత."

తిరుమల తల ఊపాడు.

*

కింద సెల్లారులో స్టోర్స్ ఇన్‌చార్జి కుమారస్వామి సామాను పరిచి కూర్చున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే కొండ మీద పనిచేశారు. కుమారస్వామి ఎడమచేతి వేళ్ళ చివర్లు రెండు ఆ కొండ మీదే ఉండిపోయాయి.

"గంట పనికి ఇన్నెందుకు స్వామీ?" అన్నాడు జగదీష్, ఆ గుట్టను చూసి అలిసిపోయి.

"గంట పనికి కాదు. తలుపు తెరుచుకోకపోతే. కొండెక్కేటోడు ఎక్కేందుకు సామాను కొంటడు. దిగలేనప్పుడు ఏది పనికొస్తదో గది కొనుక్కోవాలె. ముందుగాల ఆ కాటన్ బనీను ఇప్పు."

"ఇది కూడానా?"

"కాటన్ చెమట తాగి ఒంటిని పట్టుకోని ఉంటది. ఆ తడి ఇంత గడ్డకట్టిందంటే నిన్ను చలి సంపదు, నీ బనీనే సంపుతది. ఇగో, ఉన్ని బనీను. ఒంటికి అతుక్కోవాలె. తడిసినా ఎచ్చగనే ఉంటది. దాని మీద ఈ మెత్తటి ఫ్లీసు కోటు."

మూడో వరస బాతు ఈకల జాకెట్. పిడికిట్లో పట్టేంత చిన్నగా మడిచి ఉన్న దాన్ని కుమారస్వామి విదిలించాడు. అది ఊపిరి పీల్చుకున్నట్టు మెల్లగా ఉబ్బింది.

"ఇది పని చేసేటప్పుడు ఏసుకోకు. చెమట పట్టి ఈకలు తడిస్తే వట్టి పాత గుడ్డ. కదలకుంట కూసున్నప్పుడు ఏసుకో. పైన మెకానిక్ కోటు. ఫ్యాను గాలి కొడ్తది గదా, అది గాలిని ఆపుతది."

తర్వాత బూట్లు. పైన గట్టి ప్లాస్టిక్ తొడుగు, లోపల విడిగా తీయగలిగే మెత్తటి బూటు. నల్లరంగు కొట్టించి ఫ్యాక్టరీ బూట్లలా చేయించాడు. జగదీష్ తొడుక్కుని, "వదులున్నయి," అన్నాడు.

"ఉండాలె. బిగుసుగుంటే రక్తం ఆగుతది, కాలి ఏళ్ళు పోతయి. ఏళ్ళు లోపల ఆడాలె. రెండు జతల ఉన్ని సాక్సులు. నీ మొత్తం సామానుల ఖరీదైంది గివే. మంచిగ చూసుకో, మళ్ళ స్టోరుకు రావాలె."

సన్నని గ్లవుజులు, వాటి మీద వేళ్ళు కలిసి ఉండే లావాటి మిట్టెన్లు. కింద పరుచుకునేందుకు మడత నురగ చాప, కింద నుంచి వచ్చే చలే మనిషిని తినేదని చెప్పి ఇచ్చాడు. తలకు కట్టుకునే టార్చి. దాని బ్యాటరీలు చలికి చస్తాయి కాబట్టి వాడేదాకా జేబులో, ఒంటికి ఆనించి ఉంచుకోవాలి. పల్లీ పట్టీలు. ఎత్తు, చలి రెండూ చూపించే చేతి గడియారం. చివరగా ప్లాస్టిక్ కవర్లో రెండు చిన్న పొట్లాలు.

"చింపి ఊపితే వేడెక్కుతయి. కొన్ని గంటలు ఉంటది. రెండే ఉన్నయి. ఢిల్లీకి ఇండెంటు పెట్టి రెండేళ్ళాయె."

"ఐస్ యాక్స్ లేదా?"

"ఎందుకు, గడ్డకట్టిన చేపలను కొట్టనీకా?"

ఇద్దరూ కాస్త నవ్వారు. కుమారస్వామి సామాను మెకానిక్ సంచిలో సర్దుతూ ఉంటే జగదీష్ మెట్ల వైపు చూశాడు. తిరుమల గదికి ఎక్కినట్టు మూడు అంతస్తులు కాదు, బయటికి పోవడానికి ఒక్కటే ఎక్కాలి. అదే సంతోషం.

*

అడవి అంచున ఉదయపు మంచు ఇంకా విడవలేదు. నాగ్‌పూర్ నుంచి వచ్చిన రిఫ్రిజిరేషన్ మెకానిక్ పాటిల్ కిరాయి జీపు దిగాడు. సంచి భుజాన వేసుకుని, సగం హిందీ సగం తెలుగుతో గేటు దగ్గర కాగితం చూపించి లోపలికి వచ్చాడు. గుమ్మంలోనే మిర్చి ఘాటు ముక్కులో సూదిలా దిగింది.

పెద్ద చాంబర్ తలుపు దగ్గర హమాలీల చెప్పులు వరసగా ఉన్నాయి. లోపల హమాలీలు కాళ్ళకు గోనె ముక్కలు చుట్టుకుని పోయినేటి బస్తాలు దించుతున్నారు. హమాలీల మేస్త్రి సారయ్య తలకు మంకీ క్యాపు, చేతిలో తాళాల గుత్తితో తలుపు పక్కన నిలబడి ఉన్నాడు.

"మెకానిక్ సాబా? లోపలికి పోయి సీదా నడువున్రి. వెనక చిన్న తలుపు," అన్నాడు. "పని అయినంక నాకు చెప్పి పోవాలె. నేను చెప్పుల జతలు చూసుకోని తాళం ఏస్త. బయట జత ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. మా నాయన కాన్నుంచి గదే లెక్క. మీ మెకానిక్‌లు బూట్లతోటే పోతరాయె, మీ లెక్క నాకు దొరకదు."

"ఠీక్ హై మేస్త్రీ. ఏక్ గంటే," అన్నాడు పాటిల్.

గడపకు అవతల నేల మీద బస్తాల నుంచి జారిన మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. జగదీష్ ఒక్క క్షణం వంగి, లేచి, లోపలికి నడిచాడు. బస్తాల గోడల మధ్య సందులో అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. చివర ఉన్న మందపాటి తలుపు లాగి ఫ్రీజర్ రూములోకి వెళ్ళి మూసుకున్నాడు.

చీకటి. ఫ్యాను హోరు. ముక్కు లోపలి వెంట్రుకలు టక్కున గడ్డకట్టాయి. ఆ చలి అతనికి పాత శత్రువు. జేబులోంచి బ్యాటరీలు తీసి టార్చిలో వేసి తలకు కట్టుకున్నాడు. గడియారం మైనస్ ఇరవై చూపించింది. ఎత్తు మాత్రం సముద్రమట్టానికి నూరు మీటర్లు. కొండ ఎక్కకుండానే కొండ మీది చలి. మోకాళ్ళకు మంచిదే అనుకున్నాడు.

అప్పుడు అరికాళ్ళు ఏదో చెప్పాయి. తల వంచి చూశాడు. టార్చి వెలుగులో రెండు ఉన్ని సాక్సులు కనిపించాయి.

బూట్లు బయట, హమాలీల చెప్పుల వరసలో ఉన్నాయి.

జగదీష్ చాలాసేపు తన పాదాలను చూస్తూ నిలబడ్డాడు. చిన్నప్పుడు తండాలో మిర్చి కల్లం దగ్గర చెప్పులతో ఒక్క అడుగు వేస్తే అమ్మ చేతిలో చీపురు వీపున పడేది. పంటను చెప్పుకాలితో తొక్కే మనిషి అసలు మనిషి కాదు. ఎన్ని దేశాలు తిరిగినా, ఎన్ని వేషాలు వేసినా ఆ కాళ్ళకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు. గడప అవతల ఎరుపు కనిపించింది, చేతులు వాటంతట అవే వంగి బూట్లు విప్పాయి.

తిరిగి వెళ్ళి తొడుక్కుంటే అందరూ చూస్తారు. గంట పనే కదా అనుకున్నాడు. అలిసిపోయిన మనుషులు ఇలాగే అనుకుంటారు.

చేపల పెట్టెల మధ్య ఫ్లాస్కు దొరికింది. అది నీలం రంగులో ఉంది. సంచిలో ఉన్న డమ్మీ వెండిరంగు. ఢిల్లీ నుంచి వచ్చిన సమాచారం ఎప్పటిలాగే పాతది.

మార్చడం కుదరదు. పగలగొట్టడం కుదరదు. ఖాళీ చేతులతో పోతే సీసాలు నర్సరీకి చేరతాయి. జగదీష్ మూత తిప్పి చూశాడు. బొటనవేలంత సీసాలు ఆరు, లోపల తెల్లగా గడ్డ కట్టి ఉన్నాయి. డమ్మీలోని సీసాలు అంతకు రెట్టింపు, ఇందులో పట్టవు. కరగాలి. కరిగాక అరగంట ఆగాలి. మళ్ళీ గడ్డకట్టాలి. వాటిని ఎవరూ ముట్టుకోనట్టు ఉండాలి. ఈ గదిలో వెచ్చగా ఉన్న వస్తువు ఒక్కటే. అది తన ఒళ్ళు.

ఫ్లీసు జిప్పు తీశాడు. సీసాలను ఒక్కొక్కటీ ఉన్ని బనీనులోకి దించాడు, చంకల కింద రెండేసి, పొట్ట మీద రెండు. మంచుముద్దలు ఒంటికి ఆనగానే పళ్ళు టకటకలాడాయి. కొండ మీద రాత్రిళ్ళు నీళ్ళ సీసా గడ్డకట్టకుండా ఇలాగే ఒంటికి పెట్టుకుని పడుకునేవారు. ఆ నీళ్ళు తాగితే మనిషి బతికేవాడు. ఇవి చావాలి.

ఈకల జాకెట్ వేసుకుని, నురగ చాప నాలుగు మడతలు చేసి కూర్చున్నాడు. సంచిలో సామానంతా కింద పోసి, రెండు పాదాలూ ఆ ఖాళీ సంచిలో పెట్టి మూతి బిగించాడు. కొండ మీద దారి తప్పినవాళ్ళు చేసే పని అది. వేడి పొట్లాలు రెండూ చింపి ఊపి సాక్సుల్లో వేళ్ళ దగ్గర దోపుకున్నాడు. పల్లీ పట్టీ నోట్లో వేసుకుంటే రాయిలా ఉంది. నమలలేక చప్పరించాడు.

కాసేపటికి తలుపు జానెడు తెరుచుకుంది.

వెలుగులో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. కత్తిరించిన జుట్టు మీదికి తోసిన నల్లకళ్ళద్దాలు, ఒంటిని పట్టిన తోలు కోటు, ఎర్రటి పెదవులు. చేతిలో అతని బూట్లు. కాళ్ళకు మాత్రం ఏమీ లేవు. కోల్డ్ స్టోరేజి మేనేజర్ ఆమె. ఈమెను జగదీష్ ఎక్కడో చూశాడు. ఏళ్ళ కింద ఇదే డిపార్ట్‌మెంట్‌లో, వేరే పేరుతో.

"సోనీ," అన్నాడు.

"గుర్తువట్టినవా అన్నా?" ఆమె బూట్లు పైకెత్తింది. "నాగ్‌పూర్ పాటిల్ అట. నాగ్‌పూర్ నుంచి ఒచ్చిన మెకానిక్ ఎవడన్నా మిర్చిని చూసి బూట్లు ఇప్పుతడా? వరసల వీటిని చూడంగనే అనుకున్న, వీడెవడో మన తండాల పుట్టినోడని."

"నువ్వు గూడ ఇప్పినవు గదా."

సోనీ తన కాళ్ళ వైపు చూసుకుని పెదవి విరిచింది. "హై హీల్స్. బయటున్నయి. ఏం చేస్తం, అలవాటు పోదు." గొంతు తగ్గించింది. "ఊళ్ళె వానలెట్లున్నయి?"

"మబ్బే గాని వాన లేదు."

"సీసాలు ముట్టినవా?"

"ఫ్లాస్కు రంగు తప్పు చెప్పింది నువ్వేనా?"

"నేను చెప్పినప్పుడు వెండిదే. మొన్న మార్చిన్రు." ఆమె భుజాలు ఎగరేసింది. "రెండు దిక్కుల జీతాలు తీసుకుంట రెండు దిక్కుల అబద్ధాలాడంగ ఆడంగ, ఇప్పుడు ఏది ఎవరికి చెప్పిన్నో నాకే యాదికి ఉంటలేదన్నా. పానం ఇసిగింది."

"అయితే నన్ను ఒదిలెయ్యి."

"గేటు కాడ డెకర్ మనుషులు ఒచ్చిన్రు. వాడు పొద్దుగూకినంక వస్తానన్నడు. ఇప్పుడు మధ్యాహ్నమే వస్తున్నడట. మెకానిక్ మీద డౌటుంది, లోపలేసి తాళం పెట్టిన అని ఫోన్ల చెప్పిన. ఒదిలితే ఇద్దరం పోతం."

"బూట్లన్న ఇయ్యి సోనీ."

ఆమె బూట్లను ఛాతీకి ఆనించుకుంది. "బయట ఉంటే సారయ్య తాళం ఎయ్యనియ్యడు. నీ కాళ్ళకుంటే నేను ఇచ్చినట్టు తెలుస్తది. ఏ దిక్కు చూసినా నాకే తిప్పలు." తలుపు మూస్తూ ఆగింది. "మా అమ్మ ఇంకా కల్లం కాడనే పంటదన్నా. ఎండుకాయకు కాపలా. ముసల్ది చెప్తె ఇనదు."

తలుపు మూసుకుంది. బయట గొళ్ళెం పడింది. ఆమె ఈ రోజు ఎవరి మనిషో జగదీష్‌కు అర్థం కాలేదు. బహుశా ఆమెకు కూడా తెలియదు.

*

మధ్యాహ్నం. అంటే టైము లేదు. పొద్దుగూకేదాకా ఉందనుకుని నెమ్మదిగా సాగుతున్న పని ఇది. బనీనులో చెయ్యి పెట్టి ఒక సీసా తీసి టార్చి ముందు ఊపాడు. అంచుల్లో నీరు, నడుమ ఇంకా తెల్లటి గడ్డ. ఈ లెక్కన డెకర్ వచ్చేసరికి సగం సీసాలు కూడా చావవు.

వేడి రెండు పొట్లాల్లో ఉంది. పొట్లాలు వేళ్ళ దగ్గర ఉన్నాయి.

ఫ్రీజర్లో బూట్లు లేకుండా కూర్చున్న మనిషి వేళ్ళ దగ్గరి వేడి తీసేస్తే ఏమవుతుందో అతనికి పుస్తకంలో చదివి తెలిసింది కాదు. కుమారస్వామి చెయ్యి పట్టుకుని కొండ దిగాడు. ముందు నొప్పి. తర్వాత మంట. తర్వాత హాయిగా ఉంటుంది. ఆ హాయి వచ్చాక ఇక చేసేదేమీ ఉండదు.

చెల్లెలు చాంది పూతకు మందు కొట్టించానని మొన్న ఫోన్లో చెప్పింది. ఈసారి కాయ దిగితే కౌలు పోను పిల్ల చదువుకు మిగులుతుందని, ఎవరికీ చెప్పొద్దని, దిష్టి తగులుతుందని.

జగదీష్ సాక్సుల్లోంచి పొట్లాలు లాగి పొట్ట మీద పెట్టుకున్నాడు. సీసాలన్నీ వాటి చుట్టూ చేర్చి, జాకెట్ జిప్పు గడ్డం దాకా లాగాడు. ముక్కూ నోరూ మాత్రం కాలరు బయటే ఉంచాడు. లోపలికి ఊపిరి వదిలితే ఈకలు తడుస్తాయి. తర్వాత సంచిలో వేళ్ళు ఆడించడం మొదలుపెట్టాడు. ముడవడం, చాపడం. ముడవడం, చాపడం.

నొప్పి వచ్చింది. మంట వచ్చింది. ఎడమపాదంలో చిటికెన వేలు, దాని పక్కది మాట వినడం మానేశాయి.

గడ్డలు కరిగాయి. గడియారం చూస్తూ అరగంట దాటేదాకా ఆగాడు. ఒక్కొక్క సీసా తుడిచి ఫ్లాస్కులో పెట్టి, మూత తీసి ఫ్యాను ముందు ఉంచాడు. అయిదింటిని పెట్టేశాక లెక్క తప్పిందని తెలిసింది. ఆరోది వీపు వైపు జారి బనీను మడతలో పడి ఉంది. తీసి చూస్తే నడుమ ఇంకా గడ్డ. దాన్ని అరచేతుల మధ్య పెట్టుకుని మిట్టెన్లు తొడిగి, నోటి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. అది కరిగి, అరగంట నిండేసరికి పాదాల నొప్పి పూర్తిగా పోయింది. హాయిగా ఉంది. ఆ హాయికే అతనికి భయం వేసింది.

ఆరో సీసాను ఫ్లాస్కులో పెట్టాడో లేదో, తలుపు అవతల ఒక చప్పుడు వినిపించింది. ఎండుమిరపకాయల మీద బూట్లు నడుస్తున్న చప్పుడు. కాయలు కరకర నలుగుతున్నాయి. ఆ నడకకు తొందర లేదు. మూత బిగించి, ఫ్లాస్కును పెట్టెల మధ్యకు తోసి, డమ్మీని వీపు వెనక దాచి, చాప మీద ఒరిగి కళ్ళు సగం మూశాడు.

డెకర్ పొడుగాటి మనిషి. పల్చటి సూటు మీద ఉన్ని కోటు, మందపాటి కళ్ళద్దాలు. మిర్చి ఘాటు తట్టుకోలేక మఫ్లరును ముక్కు మీదుగా చుట్టుకున్నాడు. వెనకాల సోనీ, చేతిలో టార్చి.

"ఇతనేనా?" అన్నాడు డెకర్ ఇంగ్లీషులో. బూటు కొసతో సంచిలోని జగదీష్ పాదాన్ని తోశాడు. పాదం చెక్కలా కదిలింది. "బుల్లెట్ వేస్ట్. సాయంత్రం దాకా ఉండడు. ఫ్లాస్క్ టచ్ చేశాడా?"

"చెక్ చేద్దాం," అంది సోనీ.

ఆమె ఫ్లాస్కు తెచ్చి మూత తిప్పింది. డెకర్ వంగాడు. మఫ్లరులోంచి పైకి తన్నిన ఊపిరి కళ్ళద్దాల మీద తెల్లగా పేరుకుని అక్కడే గడ్డకట్టింది. చలిలో ముక్కు మూసుకుంటే అద్దాలు పోతాయని కొండ ఎక్కే ఎవడైనా మొదటి రోజే నేర్చుకుంటాడు. డెకర్ గ్లవుజు వేలితో తుడిచాడు. ఇంకా అలుక్కుపోయింది.

"నాకేం కనిపించడం లేదు. నువ్వు చూడు. అన్నీ ఫ్రోజెన్‌గా ఉండాలి. ఒక్కటి కరిగినా డీల్ క్యాన్సిల్. ఒక్కొక్కటి ఊపి చూడు."

సోనీ ఒక్కో సీసా తీసి టార్చి ముందు ఊపింది. ఒకటి. రెండు. తెల్లగా, గట్టిగా. నాలుగు. అయిదు. ఆరోది తీసింది.

దాంట్లో నీళ్ళు అటూ ఇటూ ఆడాయి.

జగదీష్ రెప్పల సందులోంచి చూస్తున్నాడు. సోనీ చూపు సీసా మీద నుంచి కిందికి దిగి, డెకర్ బూటు అంచుకు అంటుకున్న ఎర్రటి పొడి మీద, నలిగిన గింజల మీద ఆగింది. తర్వాత జగదీష్ వైపు ఒక్కసారి చూసింది. ఆ మొహంలో కోపం గానీ జాలి గానీ కనిపించలేదు. చాలా దూరం బస్సులో నిలబడి వచ్చిన మనిషి మొహంలా ఉంది.

"సిక్స్," అంది. "ఆల్ ఫ్రోజెన్."

మూత బిగించి ఫ్లాస్కు డెకర్ చేతికి ఇచ్చింది.

*

తలుపు మళ్ళీ తెరిచింది సారయ్య.

"ఎవరయ్యా లోపల?" అంటూ గోనె చుట్టిన కాళ్ళతో లోపలికి వచ్చి, చాప మీద మనిషిని చూసి ఆగిపోయాడు. "అరె, మెకానిక్ సాబ్. మేనేజరమ్మ మీరు ఎప్పుడో పోయిన్రని చెప్పింది. తాళం ఏద్దామని చూస్తే బయట నల్ల బూట్ల జత ఉంది. పొద్దున ఉండె, పగటీలి లేదు, ఇప్పుడు మళ్ళ ఉంది. ఇదేం లెక్కరా అని వచ్చిన."

"మేనేజరమ్మ ఏది?" అన్నాడు జగదీష్. పెదవులు సరిగ్గా కదలలేదు.

"జీపుల పోయింది. ఆ దొరతోటి కాదు, ఆయన కారు పోయినంక. ఎటుదిక్కో తెల్వదు." సారయ్య అతని చంకల కింద చేతులు వేసి బస్తాను ఎత్తినట్టు ఎత్తాడు. "నువ్వు నాగ్‌పూరోడివి గాదు గదా?"

"కాదు."

"అనుకున్న. జల్దీ నడువు, దవాఖానాకు పోదాం. నడవలేవా? సరే, నా వీపెక్కు. ఎన్ని బస్తాలు మోసిన, నువ్వో లెక్కనా?"

డెకర్ కారు గోదావరి వంతెన దాటింది. తిరుమల మనుషులు ఒక పాల వ్యానులో, రెండు మోటార్ సైకిళ్ళ మీద వెనకాలే వెళ్ళారు. అడవి లోపల షేడ్‌నెట్ నర్సరీలో డెకర్ ఆరు సీసాలూ తొట్టెలో పోశాడు. ఏమీ పెరగలేదు. మర్నాడూ పెరగలేదు. ముఠాలో పెద్దలు ఏం తప్పు జరిగిందో చూద్దామని చావు కబురు అందిన చుట్టాల్లా ఒక్కొక్కరే వచ్చి తొట్టె చుట్టూ నిలబడ్డారు. అందరూ వచ్చేదాకా తిరుమల మనుషులు చెట్ల వెనక ఓపికగా కూర్చున్నారు. తర్వాత లేచారు.

భద్రాచలం దవాఖానాలో డాక్టరు జగదీష్ ఎడమపాదం నుంచి రెండు వేళ్ళు తీసేశాడు. తిరుమల ఫోన్ చేసి ఆపరేషన్ సక్సెస్ అన్నాడు. ఏ ఆపరేషన్ గురించో జగదీష్ అడగలేదు. కుమారస్వామి స్వయంగా వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. బూట్లు చేతిలోకి తీసుకుని మడమలు తిప్పి చూశాడు, లోపలికి చూశాడు. పోయే ముందు తన పొట్టి వేళ్ళ చెయ్యి జగదీష్ భుజం మీద కాసేపు ఉంచాడు.

ఉగాది నాటికి జగదీష్‌కు కుర్చీ పని దొరికింది. మొదటి అంతస్తులో గది, కిటికీ కూడా ఉంది. ఒక మధ్యాహ్నం కునుకు పడుతూ ఉండగా చాంది ఫోన్ చేసింది.

"అన్నా, ఈసారి కాయ ఎట్లొచ్చిందనుకున్నవు? కల్లం పట్టలేదు. తెగులు లేదు, మచ్చ లేదు. ఎర్రగ నిప్పు లెక్క ఉంది."

"మంచిగైంది చాందీ."

"ఏం మంచి. నా ఒక్కదానికే పండిందా? జిల్లా మొత్తం గట్లనే పండింది. మార్కెట్ల బస్తాలు మెట్ల దాకా వచ్చినయి. ధర అడిగితే మొహం తిప్పుకుంటున్రు." అవతల ఆమె ఊపిరి పీల్చుకుంది. "రేటు వచ్చేదాకా కోల్డ్ స్టోరేజిల పెడ్దామంటే యాడ జాగ లేదన్నా. భద్రాచలం రోడ్డు మీద ఒకటుందట గదా. నీకు అక్కడ ఎవరన్నా ఎరుకేనా?"

జగదీష్ బల్ల కింద ఎడమకాలు కాస్త ముందుకు చాపుకున్నాడు.

"మేనేజరమ్మ ఎరుకే," అన్నాడు. "మన తండా పిల్లనే. యాడుందో గవర్నమెంటుకు కూడా తెల్వది గాని, దొరికితే నీ బస్తాల సంగతి చెప్త."